అష్టమినాడు పాఠం లేదు

మా ఆలయంలో ప్రతిరాత్రి చివరగా జరిగేది పవళింపు సేవ. రాత్రి నివేదన, నీరాజనం అయిన పిమ్మట వేణుగోపాలస్వామి శయనమూర్తిని చిన్న ఊయల మంచంపై పవళింపజేస్తాను. కాచిన పాలు నివేదిస్తాను. దీపపు వత్తిని తగ్గించి, తెర వేసి, జోలపాట ఒకటి మెల్లగా పాడి, వెనుకకు అడుగులు వేస్తూ బయటకు వస్తాను. తలుపులు మూసేటప్పుడు గడియ చప్పుడు కాకుండా ఎడమచేయి అడ్డుపెట్టడం మా తండ్రిగారు నేర్పిన అలవాటు. తాళపుచెవుల గుత్తి గలగలలాడకుండా ఉత్తరీయంలో చుట్టి పట్టుకోవడం కూడా ఆయన నేర్పినదే. విశ్వమంతటినీ మేల్కొలిపేవాడికి మన తాళపుచెవుల వల్ల నిద్రాభంగమవుతుందా అని చిన్నతనంలో ఒకసారి అడిగాను. ఆయన నవ్వి, "ఆయనకు అవుతుందో కాదో నాకు తెలియదురా. మనకు మాత్రం ఈ అలవాటు కావాలి" అన్నారు.

32 ఏళ్ళుగా ఈ సేవ చేస్తున్న చేతులతోనే, నిరుడు ఆశ్వయుజ మాసంలో ఒక సాయంకాలం, నిద్రిస్తున్న ఒక పసివాడి చెవి దగ్గర చేగంట మోగించాను. ఆ సంగతి చెప్పుకోవాలనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మా ఊరు కోనసీమలో గౌతమీ తీరాన ఉంది. ఆలయ ముఖమండపంలో సాయంసంధ్య దాటిన తరువాత పిల్లలకు స్తోత్రాలు, భగవద్గీత నేర్పడం ఏడేళ్ళ క్రితం ప్రారంభించాను. నేను చెబుతున్న బాలుడికి అప్పటికి పదేళ్ళు. స్ఫుటమైన ఉచ్చారణ, రెండుసార్లు వింటే నిలిచిపోయే ధారణ. పన్నెండవ అధ్యాయం, పదిహేనవ అధ్యాయం అప్పటికే కంఠస్థం. గీతాజయంతికి పట్టణంలో జరిగే పోటీలో పద్ధెనిమిదవ అధ్యాయం మొత్తం, అంటే 78 శ్లోకాలు, అప్పజెప్పవలసి ఉన్నదని తెలిసినప్పుడు వాడి తల్లి ఎంత ఉత్సాహపడిందో నేను అంతకు రెట్టింపు ఉత్సాహపడ్డాను. దాచడమెందుకు? నా శిష్యుడు వేదికపై నిలబడి ధారగా చెబుతూ ఉంటే నలుగురూ వినాలన్న కోరిక నాది. ఆ కోరికకు భగవత్సేవ అని పేరు పెట్టుకున్నాను.

వాడు ఉదయం ఏడు గంటలకు బడి బస్సు ఎక్కుతాడు. సాయంకాలం దిగి, ట్యూషన్‌కు వెళ్ళి, అక్కడి నుండి తిన్నగా నా దగ్గరకు వస్తాడు. నా దగ్గర నుండి ఇంటికి వెళ్ళి హోంవర్కు. ఇది చాలదన్నట్టు ఆదివారం రెండు పూటలా రమ్మన్నాను. రోజుకు ఐదు కొత్త శ్లోకాలు, పాతవన్నిటికీ ఆవృత్తి. ఆ సాయంకాలం వాడు నేలమీద తెరచి ఉన్న పుస్తకంపైనే చెంప ఆనించి నిద్రపోయాడు. మిగిలిన పిల్లలు నా వంక చూశారు. నేను లేచి వెళ్ళి చేగంట తెచ్చి వాడి చెవి దగ్గర మోగించాను. కోపంతో కాదు, పరిహాసానికే. అది మరింత సిగ్గుచేటు. పిల్లలు పకపక నవ్వారు. వాడు ఉలిక్కిపడి లేచి, కళ్ళు పూర్తిగా తెరవకముందే, ఎవరూ అడగని ఒక శ్లోకాన్ని గడగడా చెప్పసాగాడు. చాలన్నా ఆగలేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు శ్లోకాలు చెప్పాడు. అప్పుడు చుట్టూ చూసి, తానెక్కడ ఉన్నాడో తెలిసి, ఆగాడు. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కొంత ఊరటగా ఉండేది.

ఆ రాత్రి స్వామిని పవళింపజేసి, తాళపుచెవులను ఉత్తరీయంలో చుట్టబోతూ ఉంటే చేయి ఆగిపోయింది. గుమ్మం దగ్గరే చాలాసేపు నిలబడ్డాను. మరునాడు ఆ బాలుడు రాలేదు. ఆ తరువాత కూడా రాలేదు.

నిద్ర పట్టని ఆ రాత్రులలో మా గురువుగారు పదేపదే జ్ఞాపకం వచ్చారు. ఎనిమిదవ ఏట ఉపనయనం కాగానే మా తండ్రిగారు నన్ను ఆయనకు అప్పగించారు. ఎనిమిది మంది విద్యార్థులం. తెల్లవారుజామున లేచి స్నానం, సంధ్యావందనం, సమిదాధానం, ఆ తరువాత సంథ. గురువుగారు ఒకసారి చెబితే మేము రెండుసార్లు చెప్పాలి. మధ్యాహ్నం పనసల వారీగా ఆవృత్తి. 82 పన్నాల కృష్ణయజుర్వేదాన్ని పుస్తకం ముట్టకుండా కంఠగతం చేయించిన మహానుభావుడు ఆయన. సోమరితనాన్ని క్షణమైనా సహించేవారు కాదు. ఒక్క స్వరం జారితే పన్నం మొదటికి వెళ్ళవలసిందే. అటువంటి ఆయన నెలకు ఎనిమిది రోజులు నోరు విప్పి ఒక్క వేదాక్షరం చెప్పేవారు కాదు, మమ్మల్ని చెప్పనిచ్చేవారు కాదు.

ప్రతి పక్షంలోనూ అష్టమి ఒకటి. పక్షాంతంలో చతుర్దశి, పూర్ణిమ లేదా అమావాస్య, ఆ మరునాటి పాడ్యమి, వరుసగా మూడు. ఇవి అనధ్యయన దినాలు. ఇవి లౌకికమైన సెలవుల వంటివి కావు. సెలవు ఇచ్చేవాడి దయ, అనధ్యయనం శాస్త్రవిధి. అధ్యయనం ఎలా విహితమో అనధ్యయనమూ అలాగే విహితం. దానిని మీరి చదివితే పుణ్యం పెరగకపోగా చదివిన చదువే క్షీణిస్తుందని పెద్దలు హెచ్చరించారు. సుందరకాండ చివరి భాగంలో హనుమంతుడు వానరవీరులకు సీతమ్మ కృశించిన తీరును వర్ణిస్తూ ఒక ఉపమానం చెబుతాడు. పాడ్యమినాడు పాఠం చదివేవాడి విద్యలాగా ఆమె సన్నబడిపోయిందట. వాల్మీకి ఎన్నెన్ని ఉపమానాలు ఎరిగిన మహర్షి! అంతటి శోకమూర్తిని మన కళ్ళకు కట్టించడానికి, విశ్రాంతి లేని విద్యార్థి చదువును ఎన్నుకున్నాడు. ఈ శ్లోకాన్ని నేను ఎన్ని పారాయణలలో చదివానో లెక్క లేదు. గంట మోగించిన చేతికి మాత్రం అది జ్ఞాపకం రాలేదు.

ఇక్కడ గురువుగారి పద్ధతి ఒకటి చెప్పాలి. "రేపు అనధ్యయనం" అని ఆయన ఎన్నడూ ప్రకటించలేదు. అది మాకే తెలియాలి. తెలియాలంటే ముందురోజు రాత్రి తలెత్తి చంద్రుణ్ణి చూడాలి. శుక్లపక్షంలో అస్తమయ వేళకు నడినెత్తిన ఉన్న చంద్రబింబం సగానికి ఒక పిసరు తక్కువగా ఉంటే రేపు అష్టమి. కృష్ణపక్షంలో అయితే నడిరేయి దాకా మేల్కొని తూర్పున కొబ్బరితోపు వెనుక నుండి చంద్రుడు లేచేదాకా కాచుకోవాలి. ఎనిమిదేళ్ళ పిల్లలం వంతులు వేసుకుని కాచుకునేవాళ్ళం. మబ్బు పడితే మా బాధ చెప్పనలవి కాదు. చంద్రుడి కోసం మేము అంత పరితపించింది విశ్రాంతి మీది ఆశతోనే. అయితేనేమి, వృద్ధిక్షయాలు ఎలా జరుగుతాయో, ఏ తిథినాడు ఎప్పుడు ఉదయిస్తాడో, ఏ నక్షత్రం దగ్గర కనిపిస్తాడో మాకు పుస్తకం లేకుండానే తెలిసింది.

తిథులు మాత్రమే కాదు. ఆపస్తంబాది ధర్మసూత్రాలలోనూ మనుస్మృతి నాలుగవ అధ్యాయంలోనూ అనధ్యయన నిమిత్తాల పట్టిక చాలా పెద్దది. ఉరుము ఉరిమితే పాఠం ఆగుతుంది. మెరుపుతో వాన వస్తే ఆగుతుంది. వర్షఋతువులో పగలు ధూళి రేపే గాలి వీచినా, రాత్రి చెవికి వినిపించేంత గాలి వీచినా ఆగుతుంది. భూమి కంపిస్తే ఆగుతుంది. గురుశిష్యుల మధ్య నుండి పశువో, కప్పో, పిల్లియో, కుక్కయో, పామో, ముంగిసయో, ఎలుకయో నడచిపోతే ఒక అహోరాత్రం అధ్యయనం లేదు. ఆధునికులు దీనిని మూఢవిశ్వాసమని నవ్వవచ్చు. నేను కూడా నడివయసులో దీనికి లోపల ఎక్కడో సిగ్గుపడ్డవాణ్ణే. ఇప్పుడు మరొక విధంగా తోస్తోంది. గాలి ఎటు వీస్తున్నదో, మబ్బు ఏ దిక్కున కమ్ముతున్నదో, నేలమీద ఏ ప్రాణి నడుస్తున్నదో గమనించనివాడికి అసలు వేదం ఎప్పుడు చదవాలో, ఎప్పుడు మానాలో తెలియదు. సృష్టి మాట్లాడబోతే మనిషి మాట ఆపి వినాలి. అంతే ఆ పట్టిక అర్థమని నాకు అనిపిస్తుంది.

కప్ప మాట వచ్చింది కనుక ఒక ముచ్చట. శ్రావణమాసంలో ఉపాకర్మ అయి పాఠాలు జోరుగా సాగుతున్న రోజులు. మాలో ఒక పెద్ద తుంటరి ఉండేవాడు. వాడు నూతి దగ్గర ఒక కప్పను పట్టి, అంగవస్త్రంలో దాచి తెచ్చి, సంథ మధ్యలో వదిలాడు. అది గురువుగారికీ మాకూ మధ్య నుండి రెండు గంతులు వేసి గుమ్మం దాటింది. మేమంతా ఊపిరి బిగబట్టాం. గురువుగారు పాఠం ఆపి, కప్ప వెళ్ళిన వైపు చూసి, వాడి తడిసిన అంగవస్త్రాన్ని చూసి, "నిమిత్తం కృత్రిమమే. కప్ప మాత్రం నిజమైనదే కదా" అని లేచిపోయారు. ఆ మధ్యాహ్నం మమ్మల్ని చెరువుగట్టుకు తీసుకువెళ్ళి కప్పల అరుపులు వినిపించారు. ఒకటి మొదలుపెడితే మిగిలినవి ఎలా అందుకుంటాయో వినమన్నారు. ఋగ్వేదంలో మండూకసూక్తం ఉన్నదనీ, గురువు చెప్పినదానిని శిష్యుడు తిరిగి చెప్పడంతో అందులో ఋషి కప్పల అరుపును పోల్చాడనీ అప్పుడే మొదటిసారి విన్నాను. సంథ చెప్పుకుంటున్నది మేమో ఆ కప్పలో తెలియనంత హాయిగా నవ్వుకున్నాం.

అనధ్యయనం అంటే నిద్రపోవడమూ కాదు, అల్లరి చేయడమూ కాదు. నిత్యానుష్ఠానం యథావిధిగా జరగవలసిందే. ఆ తరువాత సమిధల కోసం వెళ్ళేవాళ్ళం. రావి, మేడి, జువ్వి, మోదుగు చెట్లను ఆకును బట్టి, బెరడును బట్టి గుర్తించాలి. ఎండి రాలిన పుల్లలు దొరికినంత వరకు కొమ్మ విరవకూడదు. ఒక్కొక్కప్పుడు నావలో లంకకు దాటించేవారు. శరదృతువులో లంకంతా రెల్లు పూచి తెల్లగా ఉండేది. గురువుగారు ఒక చోట కూర్చుని "చూడండిరా" అనేవారు. ఏమి చూడాలో చెప్పేవారు కాదు. సాయంకాలం తిరిగి వస్తూ చింతచెట్టు కింద ఆగి, ఆకులు రెండేసి రెండేసి దగ్గరకు ముడుచుకోవడం చూపించేవారు. చీకటి పడ్డాక ఆకు కోయవద్దని ఎందుకన్నారో మాకు వేరే చెప్పనక్కరలేకపోయింది.

నాకు మొదటి నుండి పోటీ బుద్ధి ఎక్కువ. సహాధ్యాయి ఒకడు నాకన్న రెండు పనసలు ముందున్నాడని తెలిసి, ఒక అష్టమినాడు గోదావరి గట్టున పెదవులు మాత్రం కదుపుతూ లోలోపల ఆవృత్తి చేసుకుంటున్నాను. గురువుగారు గమనించారు. కోప్పడలేదు. "ఇప్పుడు అరచిన పిట్ట ఏది?" అన్నారు. నేను ఏ పిట్టనూ వినలేదు. నీటిపైకి వంగిన తుమ్మచెట్టుకు గిజిగాడి గూళ్ళు పది పన్నెండు వేలాడుతున్నాయి. "పొద్దు గుంకే దాకా ఇక్కడే కూర్చో. ఏం చూశావో రాత్రి చెప్పు" అని వెళ్ళిపోయారు.

మొదట దానిని శిక్ష అనుకున్నాను. జామసేపు ఏమీ కనిపించలేదు. ఆ తరువాత ఒక్కొక్కటిగా కనిపించసాగింది. మగపిట్ట వరి ఆకును అంచున కొరికి, ఎగురుతూ లాగి, సన్నని నారలాగా చీల్చుకుని వస్తుంది. ముక్కుతో ముడివేసి, అల్లి, లాగి చూస్తుంది. గూడు సగం అయ్యేసరికి, తలకిందులు చేసిన బుట్టలాగా ఉన్నప్పుడు, ఆడపిట్ట వచ్చి లోపలికి దూరి పరీక్షిస్తుంది. నచ్చితేనే తక్కిన గూడు, పొడవైన ద్వారం. నచ్చకపోతే ఆ సగం గూడు అలాగే వేలాడుతుంది, మగపిట్ట మరొక కొమ్మకు మొదటి ముడి వేస్తుంది. లోపల తడిమట్టి ముద్దలు అంటించడం కూడా చూశాను. ఆ మట్టిలో మిణుగురులను గుచ్చి దీపాలు పెట్టుకుంటుందని జనం చెప్పుకుంటారు, నేనైతే చూడలేదు. రాత్రి ఇవన్నీ చెప్పాను. గురువుగారు విని, "బాగుంది, పడుకో" అన్నారు. మూడు రోజులుగా నాలుక తిరగక వేధిస్తున్న పనస ఒకటి మరునాడు ఉదయం అడ్డు లేకుండా నోటికి వచ్చింది. నేను దానికోసం ఏమీ చేయలేదు.

ఇంత ఎరిగినవాడిని మరి నా పిల్లల తరగతిని అష్టమి అనక, అమావాస్య అనక ఎలా నడిపాను? దానికీ నా దగ్గర శాస్త్రం ఉన్నది. అనధ్యయన నియమం వేదానికే గాని స్తోత్రాలకు, గీతకు కాదు. వేదాంగాలకు, నిత్యస్వాధ్యాయానికి, హోమమంత్రాలకు కూడా అనధ్యయన దోషం లేదని మనువే చెప్పాడు. ఎవరైనా అడిగితే ఈ సమాధానమే చెప్పేవాణ్ణి. అది తప్పు కాదు. తప్పు కాని సమాధానంతో తప్పును కప్పుకోవడం చదువుకున్నవాళ్ళకు మాత్రమే వచ్చిన విద్య.

పది రోజుల తరువాత ఆ బాలుడి తండ్రి వచ్చాడు. నిందించడానికి కాదు. చెప్పులు విడిచి, మెట్టుపై కూర్చుని, "ఆచార్యులుగారూ, వాడు రాత్రిళ్ళు నిద్రలో శ్లోకాలు చెబుతున్నాడండీ. ఒక్కొక్కసారి లేచి కూర్చుని చెబుతాడు. మధ్యలో మరిచిపోతే ఏడుస్తాడు. పోటీకి పంపలేం, మీరు ఏమీ అనుకోవద్దు" అన్నాడు. నన్ను క్షమాపణ అడుగుతున్నాడు ఆయన! ఏమి చెప్పను? ప్రసాదం తీసుకుని ఆయన వెంటే వాళ్ళ ఇంటికి వెళ్ళాను.

దారిలో ఛాందోగ్యంలోని శ్వేతకేతువు కథ మనసులో మెదిలింది. పన్నెండవ ఏట గురుకులానికి వెళ్ళి, ఇరవైనాలుగవ ఏట సకల వేదాలూ చదివి, గర్వంతో తిరిగి వచ్చిన కుమారుణ్ణి ఉద్దాలకుడు పదిహేను రోజులు నీళ్ళు మాత్రం తాగి ఉండమన్నాడు. పదహారవ రోజున ఋక్కులు, యజుస్సులు, సామాలు చెప్పమంటే ఒక్కటీ స్ఫురించలేదు. భోజనం చేసి రమ్మన్నాడు. అన్నీ స్ఫురించాయి. శరీరం అలసిపోతే వేదమే నిలవనప్పుడు, పదేళ్ళ వాడిలో పద్ధెనిమిదవ అధ్యాయం ఎక్కడ నిలుస్తుంది? ఆ తండ్రి ఆ కుమారుడికి బ్రహ్మవిద్య బోధించినది కూడా వేటితో? మర్రిపండుతో, నీటిలో కరిగిన ఉప్పుతో, తేనెటీగలతో, నదులతో. నిద్రను గురించి చెబుతూ దారంతో కట్టిన పక్షిని చూపాడు. అది అన్ని దిక్కులకూ ఎగిరి, ఎక్కడా ఆశ్రయం దొరకక, తనను కట్టిన చోటనే వచ్చి వాలుతుంది. నిద్రలో జీవుడు తన స్వస్థానమైన సద్వస్తువును చేరుకుంటాడని అక్కడి బోధ. గాఢనిద్రలో ఉన్న పసివాడు ఎక్కడికి చేరి ఉన్నాడో ఉపనిషత్తు చెప్పింది. అక్కడి నుండి వాడిని నేను గంట కొట్టి పిలిచాను.

బాలుడు తలుపు చాటున ఉన్నాడు. నేను ముందు ప్రసాదం ఇచ్చి, "ఆ రోజు నేను చేసింది తప్పు నాయనా" అన్నాను. వాడు తల్లి వైపు చూశాడు. పెద్దవాళ్ళు ఇలా మాట్లాడితే ఏమనాలో పిల్లలకు తెలియదు. "రేపు తెల్లవారుజామున కార్తిక స్నానానికి గోదావరికి వెళతాను. నాన్నగారితో కలిసి నువ్వూ వస్తావా? పుస్తకం అక్కరలేదు" అన్నాను.

"అక్కడ ఏం అప్పజెప్పాలి గురువుగారూ?" అన్నాడు.

ఆ ప్రశ్న ఈనాటికీ నా చెవులలో ఉంది. నది దగ్గరకు కూడా ఏదో ఒకటి అప్పజెప్పడానికే వెళ్ళాలని వాడు అనుకున్నాడు. అలా అనుకునేటట్టు చేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

మొదటి మూడు రోజులు వాడు నీళ్ళలో రాళ్ళు విసరడం తప్ప మరేమీ చేయలేదు. శ్రావణ భాద్రపదాల ఎర్రనీరు విరిగి, కార్తికానికి గోదావరి తేరుకుని ఉంటుంది; రేవు మెట్లు నీటి అడుగున కూడా కనిపిస్తాయి. దూరంగా ఒక వెదురు గుంజపై నీటికాకి రెక్కలు రెండూ విప్పి కదలకుండా కూర్చుని ఉండేది. అది ఎందుకు ఎగరడం లేదని నాలుగవ రోజున అడిగాడు. మునిగి చేపలు పట్టే పక్షి కనుక దాని రెక్కలు తడుస్తాయి, ఆరేదాకా అలా ఉంటుందని చెప్పాను. సత్యకామ జాబాలుడికి బ్రహ్మోపదేశం చేసిన నలుగురిలో చివరిదైన మద్గువు ఈ నీటికాకియే అని మా గురువుగారు చెప్పేవారు. నాలుగువందల బక్కచిక్కిన గోవులతో అడవికి వెళ్ళి, అవి వేయి అయ్యేదాకా తిరిగి రానని చెప్పిన ఆ బాలుడికి వృషభం, అగ్ని, హంస, మద్గువు ఒక్కొక్క పాదం చొప్పున బోధించిన కథ నాకు నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను. కథ చెబితే వాడు దానిని గుర్తుపెట్టుకోవాలనుకుంటాడు.

ఐదవ రోజున రేవు పక్కనున్న రావిచెట్టు కింద, తండ్రి స్నానం చేస్తూ ఉండగా, అరుగుపై వాలి నిద్రపోయాడు. ఎండ మెల్లగా జరుగుతూ ముఖంపైకి వస్తోంది. నేను లేచి ఎండకు అడ్డంగా కూర్చున్నాను. ఆలయం తెరవవలసిన వేళ దగ్గరపడుతోంది. తాళపుచెవులు నా దగ్గరే ఉన్నాయి. వాటిని ఉత్తరీయంలో చుట్టి పట్టుకున్నాను. ఆ ఉదయం సుప్రభాతం అరగంట ఆలస్యమైంది. ఆలయ ధర్మకర్తగారు కారణం అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన ఏమీ అనలేదు, సంతోషించనూ లేదు.

నిద్ర లేచి వాడు వెల్లకిలా పడుకునే పైకి చూస్తూ, "గాలి లేదు కదా, ఆకులు ఎందుకు కదులుతున్నాయి?" అన్నాడు. రావి ఆకు కాడ సన్నగా, పొడుగ్గా ఉంటుందనీ, మనకు తెలియని గాలి దానికి తెలుస్తుందనీ చెప్పి, సంస్కృతంలో దీనిని అశ్వత్థం అంటారన్నాను. వాడు చటాక్కున లేచి కూర్చున్నాడు.

"పదిహేనవ అధ్యాయంలో అశ్వత్థం ఇదేనా?"

ఇదే నాయనా అన్నాను. ఆ అధ్యాయాన్ని వాడు నా దగ్గరే ఏడాది పాటు చదివాడు. 20 శ్లోకాలూ తప్పు లేకుండా చెప్పేవాడు. మొదటి శ్లోకంలోని చెట్టు తాను రోజూ బస్సు ఎక్కే చోట, మా ఆలయం ఎదుట, ఈ రేవులో ఉన్న చెట్టేనని నేను ఏనాడూ చెప్పలేదు. చెప్పవలసి ఉంటుందని తోచనేలేదు. వాడు చెట్టు మొదలును చూశాడు, కొమ్మలను చూశాడు. "దానికి వేళ్ళు పైన ఉంటాయి కదా. దీనికి కిందే ఉన్నాయి" అన్నాడు. శంకర భాష్యంలో దానికి సమాధానం ఉన్నది. సంసారవృక్షానికి మూలం సర్వోత్కృష్టమైన పరబ్రహ్మం కనుక ఊర్ధ్వమూలమన్నారు. పదేళ్ళవాడికి అది ఎలా చెప్పాలా అని నేను మాటలు వెతుక్కుంటూ ఉండగానే వాడు మెట్లు దిగి నీటి అంచుకు వెళ్ళాడు. ఉదయం వేళ నీరు నిశ్చలంగా ఉంది. ఒడ్డు నుండి నీటిలోకి చెట్టు తలకిందులుగా దిగి ఉంది. మొదలు పైన, కొమ్మలు కింద, ఆకులు అడుగున కదులుతూ. "గురువుగారూ, ఇదిగో" అన్నాడు. ఇది భాష్యార్థం కాదని నాకు తెలుసు. అయినా నేను కూడా మెట్లు దిగి వాడి పక్కన నిలబడి చూశాను.

ఆ మార్గశిరంలో పోటీ జరిగింది. మా పిల్లలలో ఇద్దరు వెళ్ళారు, ఒకరికి బహుమతి వచ్చింది. వీడు వెళ్ళలేదు. పద్ధెనిమిదవ అధ్యాయం ఇంకా సగంలోనే ఉంది.

తరగతికి ఇప్పుడు నెలకు ఎనిమిది రోజులు పాఠం లేదు. ఆ రోజుల్లో రాదలచిన పిల్లలు గట్టుకు వస్తారు, రానివాళ్ళు ఇంట్లో పడుకుంటారు. రెండింటికీ నా సమ్మతి ఉంది. ఒక తల్లి, "ఇన్ని రోజులు పోతే ఎప్పుడు నేర్చుకుంటారండీ, ఆ ఖాళీలో మళ్ళీ ఫోను పట్టుకుంటారు" అన్నది. ఆమె భయం అబద్ధం కాదు. ఇరవై ముగ్గురు పిల్లలు పద్నాలుగురయ్యారు. కార్తిక వనభోజనాలకు ఉసిరిచెట్టు కింద మైకు పెట్టవద్దని కోరితే పెద్దలలో కొందరికి కష్టం కలిగింది. పిల్లలకు కలగలేదు. ఈ ఏడాది వినాయకచవితికి సంచిలో కొన్న పత్రి కాకుండా, పిల్లలు ముందురోజు తామే తిరిగి 21 రకాల పత్రిలో పదకొండు తెచ్చారు. గరిక, ఉత్తరేణి, ఉమ్మెత్త, జిల్లేడు, వావిలి, రేగు మొదటి గంటలోనే దొరికాయి. జమ్మి కోసం పొరుగూరు దాకా నడిచారు. దేవదారు మన నేలలో పెరగదని చెప్పినా ఒకడు నమ్మక చీకటి పడేదాకా వెతికాడు. దొరికిన పదకొండింటికీ ఏది ఎక్కడ, ఏ గట్టున, ఎవరి పెరట్లో ఉన్నదో వాళ్ళకు తెలుసు. పూజ చేయిస్తూ ఒక్కొక్క పత్రం పేరు చెప్పినప్పుడు ఆ ఆకు తెచ్చినవాళ్ళు చేయి ఎత్తారు. వ్రతకల్పంలో లేని ఆచారమే, నేను వారించలేదు.

మొన్న శుక్ల సప్తమి సాయంకాలం తరగతి ముగిసింది. మరునాటికి చెప్పవలసిన శ్లోకాలు గుర్తుచేస్తున్నాను. ఆ బాలుడు అప్పటికే మండపం మెట్లు దిగి, ధ్వజస్తంభం దగ్గర తల పైకెత్తి నిలబడి ఉన్నాడు.

"గురువుగారూ, సగానికి కొంచెం తక్కువ ఉంది. రేపు పాఠం లేదు" అని అరిచి, చెప్పులు చేత పట్టుకుని పరుగెత్తాడు. నేను లోపలికి వెళ్ళి పంచాంగం తీసి చూసుకున్నాను. అష్టమే.